కుంచెడు జొన్నల డప్పు

రాజులు ఏలే కాలంలో ఒక ఊళ్ళో పోలయ్య అని దండోరా వేసే ముసలాయన ఉండేవాడు. పాపం, ఆయన గొంతు సన్నబడింది, డప్పేమో చినిగిపోయింది. "చివరి వీధికి వినబడకపోతే నీ పని ఇంకొకడికి ఇస్తాను" అన్నాడు కొత్వాలు.

వడ్డీ షావుకారు భద్రయ్య కొట్టులో ఒక పెద్ద డప్పు వేలాడుతోంది. కరువులో పోలయ్య అన్నే దాన్ని కుంచెడు జొన్నలకు తాకట్టు పెట్టి, విడిపించుకోకుండానే కన్నుమూశాడు. పోలయ్య అవసరం కనిపెట్టిన షావుకారు, "నీ పాడి ఆవును తోలుకొచ్చి, దీన్ని పట్టుకుపో" అన్నాడు.

"మోగుతుందో లేదో చూడనియ్యండి బాబయ్యా."

"కొట్టి చూసుకో. ఊరంతా వినబడుతుంది."

పోలయ్య కొట్టు ముందు నిలబడి గట్టిగా వాయించాడు. దండోరా అనుకుని అన్ని వీధుల జనమూ వచ్చి, ఏం చెబుతాడా అని చూస్తున్నారు.

"ఇక చాల్లే, వాళ్ళను పంపించెయ్" అన్నాడు షావుకారు.

"ఎట్లా పంపేది బాబయ్యా? డప్పు కొట్టి పిలిచాక ఏదో ఒక నిజం చెప్పకుండా పంపకూడదని మా తాతల కట్టుబాటు. ఇవాళ నాకు తెలిసిన కబురు ఒక్కటే. కుంచెడు జొన్నల డప్పుకు తమరు ఆవును అడిగారు. అదే చెప్పనా?"

షావుకారు జనం వంక చూశాడు. "ఆ కుంచెడు జొన్నలే ఇచ్చి పట్టుకుపో" అని గొణిగాడు.

పోలయ్య మళ్ళీ డప్పు కొట్టి, "షావుకారుగారు మా అన్న తాకట్టు డప్పును కుంచెడు జొన్నలకే వదిలేశారహో" అని చాటాడు.

ఎంత బాగా వినబడిందో మరి, మర్నాడు పొద్దున్నే చివరి వీధి వాళ్ళు కూడా కరువులో తాకట్టు పెట్టిన తమ బిందెలు విడిపించుకుందామని జొన్నల కుంచాలతో షావుకారు కొట్టు ముందు నిలబడ్డారు.