రాజుగారి ఎదుటి మూల

రెండు కాలువలు ఒకదానికొకటి ఎడం మారకుండా పారే ఒకానొక రాజ్యాన్ని ప్రచండవర్మ ఏలేవాడు. తనతో సమానమైనదేదీ ఆయన కంటపడకూడదు.

ఆ కాలువల మధ్య కొత్త కొలువుకూటం కట్టించాడు. రెండు గోడలు కాలువల వెంట, రెండు గోడలు వాటిని ఏటవాలుగా, అలాగే ఎడం మారకుండా దాటే రెండు దారుల వెంట లేచాయి. దాంతో కూటం ఓ పక్కకు ఒరిగినట్టు వచ్చింది. రెండు మూలలు విశాలం, రెండు ఇరుకు.

రాజు ఒక విశాలమైన మూలలో సింహాసనం వేయించుకుని ఎదురుగా చూశాడు. అర్జీలతో వచ్చిన రైతులు నిలబడే చోటది.

"వీరాచారీ, ఆ మూల కూడా నా మూలంత ఉందేం?"

"సరిగ్గా అంతే ప్రభూ. వెంట్రుకవాసి తేడా రానివ్వలేదు" అన్నాడు కూటం కట్టిన స్థపతి, రాజు మెచ్చుకుంటాడనుకుని.

రాజు ముఖం ముడుచుకున్నాడు. "రేపటికి అది ఇరుకవ్వాలి. నాది తగ్గకూడదు. గోడలు కాలువల్నీ దారుల్నీ విడవకూడదు. చేతకాకపోతే పెళ్లాంబిడ్డలతో రాజ్యం దాటిపో."

ఆ సాయంత్రం వీరాచారి విదూషకుడు భోగన్న దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నాడు.

మర్నాడు భోగన్న నాలుగు వెదురుబద్దల చట్రం కొలువుకు తెచ్చాడు. రెండు పొడుగు, రెండు పొట్టి. మూలల్లో వదులుగా మేకులు దిగేసి ఉన్నాయి. "ఇదే కూటం అనుకోండి ప్రభూ. ఆచారికి చేతకాలేదు. తమరికి ఓ లెక్కా?"

రాజు ఎదుటి మూలను నొక్కాడు. తన మూలా అంతే నొక్కుకుపోయింది. తనది తెరిచాడు. ఎదుటిదీ తెరుచుకుంది.

"ఇదేమిట్రా, నా వెంటే వస్తోంది? పక్కవేమో ముడుచుకుంటున్నాయి."

"తమకు పెరిగినంతా వాటికి తగ్గిందే ప్రభూ. తమ మూలనీ పక్క మూలనీ జతచేసి పెడితే ఎప్పుడూ ఒక తిన్నని గీతే."

రాజుకు సరదా పుట్టింది. కొలువు మరిచి తెరుస్తూ మూస్తూ కూర్చున్నాడు. ఆఖరికి పట్టుదలకొద్దీ గట్టిగా లాగాడు. బద్ద ఫెళ్లున విరిగింది.

"సాధించారు" అన్నాడు భోగన్న నెమ్మదిగా. "ఇక ఏ మూలా తమతో సమానం కాదు. కూటమే లేదు."

రాజు చేతిలో ముక్క చూసుకుని పగలబడి నవ్వాడు. వీరాచారికి కంకణం, భోగన్నకు శాలువా ఇప్పించాడు. తర్వాత ఎదుటి మూలకేసి చూశాడు.

"నా మూలతో సమానమైన మూలలో మనిషి నిలబడి ఉండటమేమిటి? అక్కడో పీట వెయ్యండి."