వన్నూరప్ప సారు కుర్చీ

ఆదోనిలో హెడ్మాస్టరు వన్నూరప్ప సొంత ఇల్లు కట్టుకున్నాడు. గోడలకు రంగులు పూర్తయ్యాయి, కరెంటు వచ్చింది, చేరడానికి మంచిరోజు కూడా కుదిరింది. తేలనిదల్లా ఒకటే. అద్దె ఇంట్లో ఇరవై ఏళ్లుగా పోగుపడిన పాత సామాను కొత్త ఇంటికి తీసుకుపోవాలా, అమ్మేసి అన్నీ కొత్తవి కొనాలా?

ఇంత మాత్రానికి మనిషి అన్నం సహించకుండా తిరుగుతాడా అంటే, వన్నూరప్ప తిరిగాడు. అతనికి ఆ సామాను మీద ఒక అనుమానం ఉంది. తన ఇంట్లో మాట పుట్టడం లేదు. సాయంత్రం బడి నుంచి వచ్చి హాల్లో కూర్చున్నాడంటే ఇల్లు చల్లబడిపోతుంది. భార్య కాశింబీ వంటింట్లోకి పోతుంది, కూతురు రమీజా ద్వారబంధం దగ్గర కాసేపు నిలబడి లోపలి గదిలోకి పోతుంది. కాఫీ గ్లాసు వస్తుంది గానీ దాని వెంట మాట రాదు. బయట వెయ్యి మంది పిల్లలు దండాలు పెట్టే మనిషికి ఇంట్లో పలకరించే దిక్కు లేదు.

ఇదంతా ఆ పాత సామాను చేస్తున్న పనే అని అతను తేల్చుకున్నాడు. తలుపు పట్టని బీరువా, కిర్రుమనే మంచం, కుంటి పీట. వీటి మధ్య ఎవరికి మాట్లాడబుద్ధవుతుంది? కొత్త ఇంట్లో మెత్తటి సోఫాలు వేస్తే అందరూ చుట్టూ కూర్చుని నవ్వుతూ కబుర్లు చెప్పుకుంటారని ఆశపడ్డాడు. పాపం, ఆశ మంచిదే.

ఏ పనికైనా ముందు గురువును అడగడం అతని అలవాటు. ఆ గురువు దూదేకుల హుసేనప్ప తాత.

తాతను చూడనివాళ్లకు తాత గురించి చెప్పడం కష్టం. ఆయనకు మఠం లేదు, మెట్ల మీద చెప్పులు విడిచే దర్గా లేదు. పత్తి మార్కెట్టు వెనక రేకుల షెడ్డు ఒకటి, అందులో దూదేకే విల్లు ఒకటి. పగలంతా ఊరివాళ్ల పరుపుల్లో దూది ఏకేవాడు. తలకు చుట్టుకున్న పచ్చగుడ్డ చూసి తప్ప ఆయన సూఫీ దారిలో పండిన మనిషని ఎవరూ పోల్చుకోలేరు. ఏడుస్తూ వచ్చినవాళ్ల ముందు ఇంత దూది పోసి, "గింజలేరుతా చెప్పు" అనేవాడు. గింజలు అయ్యేసరికి ఏడుపు కూడా అయిపోయేది. అట్లాంటి మనిషి ఒక ఊరికి ఒకరుంటే చాలు.

వన్నూరప్ప పోయేసరికి తాత ఒక పాత పరుపు విప్పుతున్నాడు. వన్నూరప్ప జేబులోంచి జాబితా తీశాడు. హెడ్మాస్టరు కదా, గీతలు కొట్టి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. ఒక పక్క అమ్మేసేవి, ఇంకో పక్క ఉంచేవి. అమ్మేసేవాటిలో అన్నిటికంటే పైన ముక్కాలిపీట ఉంది. ఉంచే పక్క ఒకటే పేరు ఉంది. తాను హెడ్మాస్టరయిన ఏడాది చేయించుకున్న టేకు చేతుల కుర్చీ.

"అది కూడా ఖాయం కాదు తాతా," అన్నాడు. "పాలిష్ పట్టించేదా, లేకుంటే గిర్రున తిరిగే కొత్త కుర్చీ కొనేదా అని ఆలోచన. పాతవి తీసుకపోదునా, కొత్తవి కొందునా, నువ్వే చెప్పాల."

తాత పరుపులోంచి గడ్డకట్టిన దూది ముద్దొకటి తీసి వేళ్లతో నలిపాడు. "మా పనిలో పాతా కొత్తా చూడమప్పా. గడ్డ కట్టిందా లేదా, అంతే."

వన్నూరప్పకు అది జవాబనిపించలేదు. ఎట్లాగూ వచ్చాడు కాబట్టి రెండో కోరిక కూడా బయటపెట్టాడు. నాలుగేళ్లుగా అడుగుతున్నదే. చిల్లా కావాలి. అంటే గురువు ఆజ్ఞతో నలభై రోజులు లోకం సంగతి వదిలిపెట్టి కూర్చునే సాధన.

"ఇంట్లో మాటాపలుకూ లేకుండా ఉండేది నాకు అలవాటే తాతా. చిల్లా నాకు కష్టం కాదు."

తాత అతని మొహం వైపు చూశాడు. ఆ చూపులో వెక్కిరింత లేదు, జాలి ఉంది.

"సామానంతా బండికెత్తించి ఈడ దించు," అన్నాడు.

"ఈడనా?"

"ఈడనే. వంట గిన్నెలు, గుడ్డలు, చాపలు, పుస్తకాలు మీ ఇంటికి తీసుకపోండి. కూచునేది, పండుకునేది, దాచిపెట్టేది, ఒక్కటి పోగూడదు. కొత్తది కొనగూడదు. నలభై దినాలు. మీలో ఎవరికన్నా ఏదన్నా లేక జరగలేదనుకో, ఆ మనిషే వచ్చి, తన చేత్తో మోసుకపోవాల. ఒకరి బదులు ఒకరు రాగూడదు."

"నలభై దినాలయినాక?"

"మిగిలినదాని గురించి అప్పుడు మాట్లాడుకుందాం."

వన్నూరప్ప తేలిగ్గా నవ్వాడు. "నాకేం తాతా, నాకు వస్తువుల మీద మోజు ఎప్పుడో పోయింది. ఇంట్లో ఆడవాళ్లకే కష్టం."

తాతకు దగ్గొచ్చింది. గొంతులో దూది పడిందేమో.

మంచిరోజున పాలు పొంగించి, ఫాతెహా ప్రార్థన చదివించి కొత్త ఇంట్లో చేరారు. చుట్టాలందరూ వెళ్లిపోయాక, మర్నాడు సాయంత్రం వన్నూరప్ప బడి నుంచి వచ్చి హాల్లో నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు. ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. కిటికీ దగ్గరికి పోయాడు, గోడకు ఆనుకున్నాడు, కొత్త స్విచ్చులు ఒకసారి వేసి ఆర్పాడు. ఇక తప్పక చాప మీదికి దిగాడు. దిగేటప్పుడు రెండు మోకాళ్లూ టపటపమన్నాయి.

లోపలినుంచి కిసుక్కున నవ్వు వినబడింది. రమీజా.

కసురుకోబోయి ఆగాడు. ఆ పిల్ల నవ్వు విని ఎన్నాళ్లయిందో లెక్క అందలేదు.

రెండో రోజే కాశింబీ తాత దగ్గరికి పోయి ఒక వస్తువు మోసుకొచ్చింది. బీరువా కాదు, మంచం కాదు. జాబితాలో అమ్మేసేవాటికి అగ్రతాంబూలం అందుకున్న ముక్కాలిపీట.

"ఇన్ని ఉండగా అదెందుకే?" అన్నాడు వన్నూరప్ప.

"పొయ్యికాడ నిలబడితే మోకాళ్లు లాగుతాయి. నాలుగేండ్లాయె."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"చెప్పే సందు యాడుంది?" అని ఆమె పీట వేసుకుని కూర్చుంది.

మూడో రోజుకు వన్నూరప్ప నడుం పట్టేసింది. వైరాగ్యం సంగతి తర్వాత చూసుకుందామని నేరుగా షెడ్డుకు పోయాడు.

"తాతా, కుర్చీ లేక జరగడం లేదు."

"నీదే కదప్పా, తీసుకపో," అన్నాడు తాత, తల కూడా ఎత్తకుండా.

వన్నూరప్ప కుర్చీని ఎత్తి నెత్తిన పెట్టుకున్నాడు. నాలుగడుగులు వేశాడు. సందు చివర పత్తి మార్కెట్టు, ఆ పక్కనే టీ బంకు, బంకు ముందు తన బడి పిల్లలు పదిమంది. హెడ్మాస్టరు నెత్తిన కుర్చీ చూస్తే రేపు ప్రార్థన బారులో ఎవడూ నవ్వాపుకోలేడు. గిర్రున వెనక్కి తిరిగి కుర్చీని ఉన్నచోటే పెట్టేశాడు.

"రేపొస్తాలే తాతా."

"నీ ఇష్టం."

ఆ రేపు రాలేదు. రాకపోవడానికి కారణముంది. ఆ సాయంత్రం అతను చాప మీద గోడకానుకుని ఉండగా, రమీజా లెక్కల పుస్తకం తెచ్చుకుని అదే చాపకు అవతలి చివర కూర్చుంది. కాసేపటికి పుస్తకాన్ని కొద్దిగా ఇటు జరిపింది. ఇంకాసేపటికి తానే జరిగింది.

"నాయనా, ఈ లెక్క నాకు రావడంలే."

ముప్పై ఏళ్లుగా ఊరి పిల్లలందరికీ లెక్కలు చెప్పినవాడే వన్నూరప్ప. సొంత కూతురు ఒక లెక్క అడగడం అదే మొదలు. పుస్తకం చేతికి తీసుకుని, రెండుసార్లు తప్పు చెప్పి, మూడోసారి సరిగ్గా చెప్పాడు.

ఆ తర్వాత ఒక్కొక్కటే ఇల్లు చేరాయి. రమీజా అద్దం తెచ్చుకుంది. తొమ్మిదో రోజు నడుం నొప్పి భరించలేక వన్నూరప్ప మంచం తీసుకురావడానికి పోయాడు. ఈసారి పిల్లలు చూశారు, నవ్వారు కూడా, ఆ తర్వాత ఇద్దరు పరుగెత్తుకొచ్చి చెరో కోడు పట్టుకోబోయారు. "వద్దురా, నేనే మొయ్యాల," అన్నాడు. మోశాడు. నవ్వినంత మాత్రాన ప్రాణమేమీ పోలేదు. వర్షం పడి బట్టలకు చెమ్మ పట్టాక బీరువా వంతొచ్చింది. కాశింబీ, రమీజా, అతను, ముగ్గురికీ అది లేక జరగడం లేదు కాబట్టి ముగ్గురూ పోయి తోపుడు బండి మీద తెచ్చుకున్నారు. దారిలో దాని తలుపు ఊడి కింద పడితే, ఎవరి తప్పో తేల్చుకోలేక ముగ్గురూ రోడ్డు మీదే నవ్వారు.

సాయంత్రాలు చాప మీద గడిచాయి. కాశింబీ చిక్కుడుకాయలు ముందేసుకుని అక్కడే ఈనెలు తీసేది. తీస్తూ తీస్తూ పక్కింటి సంగతి, తన మోకాళ్ల సంగతి, ఎప్పుడో పెళ్లయిన కొత్తలో జరిగిన సంగతి చెప్పేది. వన్నూరప్పకు తెలియకుండానే అతని చేతులు కూడా చిక్కుడుకాయల్లోకి పోయేవి. సోఫాల సంగతి అతనికి గుర్తే లేదు.

నలభయ్యో రోజు సాయంత్రం లెక్క ప్రకారం షెడ్డుకు బయల్దేరాడు. రమీజా కూడా వస్తానంది. దారిపొడుగునా తండ్రి చెయ్యి పట్టుకుని ఊపుతూ, తన గర్ల్స్ హైస్కూల్లో ఆ రోజు మేక దూరిన కథ చెబుతూనే ఉంది.

షెడ్డులో కుర్చీ ఒకటే మిగిలింది. నలభై రోజుల దూది నలుసులు పడి తెల్లగా ఉంది. తాత విల్లు పక్కన పెట్టి, తువ్వాలుతో దాన్ని తానే శుభ్రంగా తుడిచాడు.

"అప్పుడు నువ్వడిగినదానికి నేనింకా జవాబు చెప్పలేదు వన్నూరప్పా. పాలిష్ పట్టిస్తావా, కొత్తది కొంటావా? ముందు కూచోని చూడు. కీళ్లు గట్టిగా ఉండాయో లేదో తెలియాల కదా."

రమీజా మాట ఆపలేదు. "మేక నేరుగా మా క్లాసులోకొచ్చింది నాయనా. టీచరు బల్లెక్కింది. అప్పుడు ఆ మేక ఏం చేసిందంటే..."

వన్నూరప్ప వింటూనే కుర్చీలో కూర్చున్నాడు. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద పెట్టుకున్నాడు. వీపు నిటారుగా ఆనింది. కీళ్లు కిర్రుమనలేదు. కుర్చీ రాయిలా ఉంది.

మేక కథ ఆగిపోయింది.

వన్నూరప్ప తలెత్తాడు. రమీజా పక్కన లేదు. నాలుగడుగులు వెనక్కి పోయి, ద్వారబంధానికి ఆనుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. కళ్లు కిందికి ఉన్నాయి. అట్లా పొమ్మని ఎవరూ చెప్పలేదు. తాను పోయినట్టు ఆ పిల్లకే తెలియదు.

తాత మళ్లీ విల్లు అందుకున్నాడు. దూదేకే తంతి మోగింది.

వన్నూరప్పకు పాత ఇంటి హాలు, అందులో ఇదే కుర్చీ కళ్లముందుకొచ్చాయి. అక్కడా ఇట్లాగే ద్వారబంధం, అవే వెనక్కి కట్టుకున్న చేతులు. తాను దాన్ని ఇన్నేళ్లూ మర్యాద అనుకున్నాడు. అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మెల్లగా కుర్చీలోంచి లేచాడు. తాత పక్కన, దూది కుప్ప అంచున, నేల మీద కూర్చున్నాడు. మోకాళ్లు టపటపమన్నాయి.

"ఏం చేసింది తల్లీ, మేక?"

రమీజా మొహం విప్పారింది. గబగబా వచ్చి అతని భుజం మీద వాలింది. "హాజరు పట్టీ తినేసింది నాయనా! అందరి పేర్లూ తినేసింది!"

ఇంకో రోజయితే హాజరు పట్టీ అన్న మాటకే హెడ్మాస్టరుకు కోపం వచ్చేది. ఇప్పుడు కళ్లు తుడుచుకుంటూ పగలబడి నవ్వాడు. తాత కూడా నవ్వాడు, ఉన్న నాలుగు పళ్లూ కనబడేట్టు.

నవ్వు సద్దుమణిగాక తాత గడ్డంతో కుర్చీ వైపు చూపించాడు. "మరి దీని సంగతి?"

"ఇది లేకుండానే మా ఇంట్లో అందరికీ జరుగుతాంది తాతా," అన్నాడు వన్నూరప్ప.

తాత విల్లు మీద చెయ్యి వేసి తంతిని ఆపాడు.

"నీ చిల్లా అయిపోయింది. ఇంటికి పో అప్పా, పాప ఇంకా ఏదో చెప్తాంది."