సూదమ్మ కథలూ నక్క బావ అభిప్రాయమూ

కొండ దిగువన ఓ జీడిమామిడి తోట ఉంది. తోటకు ఇవతల మట్టిగుట్టల్లో అడవి జంతువులుంటాయి, అవతల పశువుల పాకలో ఇంటి జంతువులుంటాయి. మధ్యలో కంచె ఉందంటే ఉంది, అంతే. మనుషులు తిరిగే వేళ ఎవరి హద్దులో వాళ్లుంటారు. మనుషులు అటు వెళ్లగానే రాకపోకలూ పలకరింపులూ చాడీలూ అన్నీ మొదలవుతాయి.

ఇవతల మట్టిగుట్టలో సూదమ్మ అనే ఏదుపంది ఉండేది. ఆవిడ రచయిత్రి. అన్ని కలాలు వీపు మీదే మొలిస్తే ఎవరు మాత్రం రాయకుండా ఉంటారని ఇరుగుపొరుగు వేళాకోళం చేసేవాళ్లు. ఆవిడ పట్టించుకునేది కాదు. ఓ ముల్లు పీకడం, తాటాకు ముందు పెట్టుకోవడం, గీసుకుంటూ పోవడం. అలా రాసిన కథలకు గిజిగాళ్లు ప్రతులు తీసి, ఆకులకు కన్నాలు పొడిచి, నారతో కుట్టి, 'కంచె ఇవతల' అనే పేరుతో పుస్తకం తెచ్చాయి.

అందులో సూదమ్మ ప్రాణం పెట్టి రాసిన కథ 'ఖాళీ గంప'. అంతకుముందు వానాకాలంలో, పాకలో ఎర్రకోడి నూకాలు పొదుగుతున్న గుడ్లు తెల్లారేసరికి మాయమయ్యాయి. నూకాలు కనబడ్డవాళ్లనల్లా అడుగుతూ తిరిగింది. ఆ గొంతు కంచె ఇవతలికి కూడా వినిపించింది. సూదమ్మ విన్నది విన్నట్టు రాయలేదు. కోడిని తెల్లకోడి చేసింది, పాకను పెంకుటిల్లు చేసింది, పొదిగే గంపను వంటింటి అటక మీద పెట్టింది. ఆ బాధ ఒక్కటీ మార్చలేదు.

పుస్తకం జనంలోకి వెళ్లినప్పట్నుంచీ సూదమ్మకు నిలకడ లేదు. ఎవరు చదివారు? ఎక్కడ నవ్వారు? ఎక్కడ విసుక్కుని పక్కన పడేశారు? తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుపోతోంది. పోనీ వెళ్లి అడుగుదామా అంటే, తను ఎదురొస్తే చాలు, అందరూ పక్కకు జరిగి దారిస్తారు. ముళ్లున్న రచయిత్రి మొహం మీద బాగాలేదని ఎవరంటారు?

సరిగ్గా అప్పుడే నక్క బావ వచ్చాడు. ఈ బావ ఎవరికీ బావ కాదు. అందరూ పిలిచే పిలుపు అది. తోటలో ఏ సభ జరిగినా ఆయనే అధ్యక్షుడు. ఏ పుస్తకం వచ్చినా ఆయనే పరిచయం చేస్తాడు. అట్ట చూసి, పేరు చూసి, మిగతాది గాల్లోంచి అందుకుంటాడు.

"వదినా, నీకెందుకు శ్రమ? పాఠకుల అభిప్రాయాలు నేను పోగుచేసుకొస్తాగా!"

"నిజంగానా బావా? ఉన్నదున్నట్టు చెప్పాలి మరి. నొచ్చుకుంటానని దాచకూడదు."

"ఛ, దాచడం నా ఇంటా వంటా లేదు."

సూదమ్మ సంబరపడి ఓ ప్రతి చేతిలో పెట్టింది. నక్క బావ అక్కడే నిలబడి కథల పేర్లు పైపైన చూశాడు. 'ఖాళీ గంప' దగ్గర చూపు ఆగింది.

"ఇదేంటి వదినా?"

"ఓ కోడి కథ. గుడ్లు పోతాయి."

"గుడ్లా!" అని ఆయన దగ్గాడు. "మంచిది, మంచిది. వెళ్లొస్తా."

ఆయన కంచె దాటలేదు. ఎవరినీ అడగలేదు. పుస్తకం తలకింద పెట్టుకుని పొద నీడలో హాయిగా నిద్రపోయి, పొద్దు వాలాక మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"చెప్పు బావా, చెప్పు! ఏమన్నారు?"

"మిగతా కథలన్నీ బ్రహ్మాండం అన్నారు వదినా. ఆ 'ఖాళీ గంప' ఒక్కటే..."

"ఊఁ, అది?"

"గేదె పైడమ్మ ఛీ కొట్టింది. నక్కల పరువు తీసేలా ఉందంది."

"పైడమ్మా? నక్కల పరువుతో పైడమ్మకేం పని?"

"నాకూ అదే ఆశ్చర్యం! గాడిద సన్నాసి అయితే ఇంకా మండిపడ్డాడు. నక్కల పరువు తీసేలా ఉందన్నాడు."

"ఆయనా ఆ మాటే అన్నాడా?"

"ఆ మాటే. ఎర్రకోడి నూకాలు మొహం తిప్పేసుకుంది. నా మాట విని, రెండో ముద్రణలో ఆ కథ తీసెయ్ వదినా. మంచి పుస్తకానికి అదొక మచ్చ."

సూదమ్మ ముళ్లన్నీ వాలిపోయాయి. మిగతా కథల్ని ఎవరేమన్నా ఆవిడ తట్టుకునేది. ఈ ఒక్కటీ ఎవరికీ అక్కర్లేదంటే, తనకు చూడటం రాదు, వినడం రాదు, రాయడం అసలే రాదు. రేపు పొద్దున్నే గిజిగాళ్లు రెండో ముద్రణకు వస్తాయి. ఆ కథ తీసి పక్కన పెట్టి, ఆ తర్వాత ముల్లు పట్టనే కూడదని నిశ్చయించుకుంది. చాలా బాధపడింది, పాపం.

తెల్లవారింది. కథ విప్పేద్దామని సూదమ్మ తన ప్రతి తెరిచింది. పుస్తకం వచ్చాక ఆవిడ దాన్ని తెరవడం అదే మొదటిసారి. తప్పులు కనబడతాయేమోనని అన్నాళ్లూ భయపడింది. 'ఖాళీ గంప' చదువుకుంటూ పోయింది. తెల్లకోడి ఖాళీ గంపలో అలవాటు కొద్దీ ఎక్కి కూర్చోవడం దాకా వచ్చింది. ఆకు తిప్పింది. ఇంకో కథ మొదలైపోయింది!

చివరి ఆకు లేదు. గుడ్లు ఎవరు తిన్నారో చెప్పే ఆకే లేదు.

అప్పుడే వచ్చి వాలిన పెద్ద గిజిగాణ్ని పట్టుకుంది. "ఏరా, ఇందులో ఆఖరి ఆకేది?"

గిజిగాడు కొమ్మ మీద ఇంకాస్త పైకి జరిగాడు. "మేక నమిలేసిందమ్మా. ప్రతులు తీయకముందే. ఏ ప్రతిలోనూ లేదు."

"మరి నాతో చెప్పొద్దూ?"

"చెబుదామనే వచ్చాం. మీ ముళ్లు లేచి ఉన్నాయి. తర్వాత చెబుదాంలే అనుకున్నాం."

సూదమ్మకు కోపం రావాల్సింది. వింతగా, రాలేదు. కోపం ఉండాల్సిన చోట కుతూహలం వచ్చి కూర్చుంది. ఆ ఆకులో తను రాసింది ఉడుము గురించి. కథ మొత్తం మీద నక్క అన్న మాటే లేదు. ఆఖరి ఆకు లేదని ఒక్క పాఠకుడూ అడగలేదట. లేని నక్క పరువు పోయిందని మాత్రం అందరూ బాధపడ్డారట! ఇదెలా కుదిరింది?

"ఈ పూట ముద్రణ ఆపండ్రా," అంది. "పాకలో వాళ్లందరికీ కబురు పెట్టండి. పాఠకుల సభ. అధ్యక్షుడు నక్క బావ."

అధ్యక్షుడంటే చాలు, నక్క బావ తోక దువ్వుకుని వచ్చేశాడు. మనుషులు భోజనాలకు వెళ్లిన వేళ గేదె పైడమ్మ, గాడిద సన్నాసి, కోడి నూకాలు కంచె దాటి వచ్చారు. వాళ్లను చూడగానే ఆయన మొహంలో రంగు కాస్త మారింది.

"ముందు అధ్యక్షుల వారి తొలిపలుకులు..." అంటూ గొంతు సవరించుకున్నాడు.

"ఆగు బావా," అంది సూదమ్మ. "ముందు పాఠకులు. నేను దూరంగానే కూర్చుంటా, ముళ్లు దించుకునే. ఏమన్నా పరవాలేదు. 'ఖాళీ గంప' నచ్చని వాళ్లు కూడా మొహమాటం లేకుండా చెప్పండి."

గాడిద సన్నాసి పెద్దగా నవ్వాడు. "నచ్చకపోవడమేంటి? ఆ తెల్లకోడి నా గుడ్లేవని ఒక్కొక్కళ్లనే అడుగుతుంటే పిల్లి తన మీసాల సంగతి చెబుద్ది, కుక్క తన జీతం సంగతి చెబుద్ది! ఒక్కడన్నా వినడే! నేను మూట మోసుకుంటా తల్చుకుని నవ్వితే మా చాకలోడు నాకు తిక్క లేచిందనుకున్నాడు."

సూదమ్మ తెల్లబోయింది. "నవ్వొచ్చిందా? నేను ఏడుస్తూ రాశాను!"

"ఏడుపు కూడా ఉందిలేమ్మా. నవ్వాక తెలిసింది. నేనూ ఎప్పుడూ ఎవడి గోడూ వినలేదు కదా అనిపించింది."

గేదె పైడమ్మ నెమరు ఆపింది. ఆవిడ తీరిగ్గా మాట్లాడే మనిషి. "కోడి ఖాళీ గంపలోకి ఎక్కి కూర్చోవడం దగ్గర నేను ఆగిపోయాను సూదమ్మా. ఆ పైన చదవలేదు."

"ఎందుకని?"

"నా తొలిచూలు దూడ పోయినప్పుడు దాని తోల్లో గడ్డి కుక్కి నా ముందు నిలబెట్టారు, పాలు చేపుతానని. నాకు తెలుసు అది దూడ కాదని. అయినా నాకాను. రోజూ నాకాను. ఎందుకు నాకావే పిచ్చిదానా అని నన్నెవరూ అడగలేదు, నేనెవరికీ చెప్పలేదు. నీ కోడి ఆ గంపలోకి ఎక్కగానే, ఓహో, ఇంకోళ్లు కూడా ఇలా చేస్తారా అనుకున్నాను. ఆ రోజు కడుపారా ఏడ్చాను. మనసు తేలికపడింది."

సూదమ్మ ఎన్నడూ చూడని దూడ ఒకటి తన కథలోకి వచ్చి నిలబడింది. ఇది తను రాసిందేనా అని ఆశ్చర్యపోయింది.

"మరి గుడ్లు ఎవరు తీశారో తెలుసుకోవాలనిపించలేదా పైడమ్మా?"

"ఎవరు తీస్తే ఏముంది? గంప ఖాళీయేగా."

"నాకు మాత్రం తెలియాలి!" అంది కోడి నూకాలు ముందుకొచ్చి. "అక్కా, నీ కోడి నాలా లేదు. నేను అంత మెత్తగా అడగలేదు, ఊరంతా తిట్టి పోశాను. అది వేరే సంగతి. ఆఖర్న దొంగ ఎవరో చెప్పకుండా ఆపేశావేం? మా పాకలో రోజూ ఇదే గొడవ. ఒకళ్లు పిల్లంటారు, ఒకళ్లు పామంటారు. నాకు తిండి సయించట్లేదు."

సూదమ్మ నక్క బావ వైపు తిరిగింది. ఆవిడ కళ్లలో కోపం లేదు, చంటిపిల్ల ఆసక్తి ఉంది. "నూకాలూ, ఆ ఆఖరి భాగం గురించి పాఠకులందరి అభిప్రాయాలూ బావే పోగుచేశాడు. బాగా చదివినవాడు. ఆయన్నే చెప్పమందాం. బావా, కథ చివర్న ఏం జరిగిందో సభకు చెబుతావా? పుస్తకం చూడక్కర్లేదులే, నీ మాటల్లోనే."

అందరి చూపూ ఆయన మీదే. చదవలేదని ఒప్పుకుంటే ఇంకెప్పుడూ అధ్యక్షుడు కాలేడు. నక్క బావ ఛాతీ విరిచాడు.

"ఓ, దానికేం! ఆ ఘట్టమే కదా నేను ఖండించేది. రచయిత్రి అందులో నక్కను ప్రవేశపెట్టింది. వానపడుతున్న రాత్రి. పాక వెనక తడిక. తడిక కింద కంత. కంతకు అడ్డంగా గోనెపట్టా."

"గోనెపట్టా?" అంది నూకాలు.

సభ చెవులు రిక్కించడం చూసి నక్క బావకు ఊపొచ్చింది. ఏ అధ్యక్షుడికైనా ఆ జబ్బు ఉంటుంది.

"అవును! ఆ పట్టాను పంటితో మెల్లిగా పక్కకు లాగుతుంది నక్క. లోపల కుడి పక్క కుడితి తొట్టి. తొట్టి చాటున గంప. కోడి దాణా గింజ కోసం అటు దిగిందో లేదో, మెత్తటి ఊక మీద వెచ్చటి గుడ్లు! చప్పుడు కాకుండా ఒక్కొక్కటీ... అబ్బ!" అని పెదాలు నాకి, "అని ఇలా రాయడం ఎంత అన్యాయం! నక్కల పరువేం కావాలి?" అని ముగించాడు.

చప్పట్లు పడలేదు.

గాడిద సన్నాసి చెవి గోక్కున్నాడు. "నా పుస్తకంలో గంప అటక మీదుందే?"

"నా దాంట్లోనూ అటకే," అంది పైడమ్మ. "ఆ ఇంట్లో కుడితి తొట్టి ఎక్కడిది? కుడితి తొట్టి ఉన్నది నా పాకలో."

"కథలో నక్క లేడు బావా," అంది సూదమ్మ మెల్లగా. "ఆఖరి ఆకు మేక తినేసింది. అందులో కూడా నువ్వు లేవు."

కోడి నూకాలు ఒక్కో అడుగే వేసుకుంటూ నక్క బావ మొహం మీదికి వచ్చింది. "గోనెపట్టా వెనక కంత ఉందని ఈ లోకంలో నా ఒక్కదానికే తెలుసు. పొద్దున్నే నేను అందులోంచే బయటికొస్తాను. ఎవరికీ చెప్పలేదు. అది నీకెలా తెలిసిందిరా?"

నక్క బావ అటు చూశాడు, ఇటు చూశాడు. "అది... విమర్శకుడి ఊహ..."

"ఊహలో నా ఊక వెచ్చగా కూడా ఉందే!" అని నూకాలు ఎగిరి ముక్కు మీద పొడిచింది. గాడిద సన్నాసి వెనక్కి తిరిగి కాళ్లు సిద్ధం చేసుకున్నాడు. పైడమ్మ కంచె సందుకు అడ్డంగా నిలబడింది. ఇంక మిగిలింది ఒకటే దారి, సూదమ్మ పక్కనుంచి. కంగారులో నక్క బావ అటే దూకాడు. అప్పటిదాకా దించి ఉంచిన ముళ్లు అప్పుడు లేచాయి.

నక్క బావ కేకలు కొండ మలుపు దాకా వినిపించాయి.

"ఇంకేం చేద్దామమ్మా?" అన్నాడు గిజిగాడు కొమ్మ మీద నుంచి. "ఆఖరి ఆకు మళ్లీ రాసిస్తారా? కుట్టేస్తాం."

సూదమ్మ నూకాలు వైపు చూసింది. "నీకు దొంగ దొరికాడుగా. ఇంకా కావాలా ఆ ఆకు?"

నూకాలు ఈకలు సర్దుకుంది. "వద్దక్కా. నా గుడ్ల దొంగ నాకు దొరికాడు. ఆ తెల్లకోడి అలా కూర్చునే ఉండనీ, ఎందుకు కూర్చున్నావే అని ఎవరో ఒకరు దాన్ని అడగడానికి వస్తారు."

"అయితే ఉన్నదున్నట్టే కుట్టండ్రా," అని సూదమ్మ కొత్త ముల్లు పీకి, పైడమ్మ దగ్గరగా జరిగింది. ఈసారి పైడమ్మ పక్కకు తప్పుకోలేదు. "ఆ దూడ సంగతి ఇంకాస్త చెబుతావా?"

ఆ తర్వాత చాలాకాలం తోటలో ఏ సభ జరిగినా అధ్యక్షుడి పీట ఖాళీగానే ఉంది. పిలిచినా నక్క బావ రాడు. వచ్చినా కూర్చోలేడు.

నీతి: పుస్తకం చదవకుండా దాని కథ చెప్పబోయినవాడు సభలో తన కథే చెప్పుకుంటాడు.