ఇస్తార్లు వేసినం, రాండ్రి

ఆ గురువారం పొద్దుటి నుంచీ కిరీటికి కాలు ఒకచోట నిలవడం లేదు. మధ్యాహ్నం మూడుకల్లా ఒక్క వాక్యం రాసి పంపాలి. ఏడు మాటలు మించకూడదు. ఆ ఏడు మాటలూ మూడు లక్షల ఫోన్లలో ఒక్కసారిగా టింగుమనాలి.

అతను పనిచేసేది మాదాపూర్‌లో జంటల్ని కలిపే ఒక యాప్ కంపెనీలో. ఒంటరిగా ఉన్న మనిషి ఫోను మోగించి, తెర మీద చిన్న మాట ఒకటి చూపించి, వేలితో నొక్కించడమే ఉద్యోగం. అందులో అతను చెయ్యి తిరిగినవాడు. ఆ సంగతి అతనికి కాస్త ఎక్కువగానే తెలుసు కూడా. "మీ కోసం ఒకరు ఎదురుచూస్తున్నారు" అన్న వాక్యం అతనిదే. మొదటి నెలలో దాన్ని నొక్కనివాడు లేడు. నొక్కి లోపలికి వెళ్తే ఎదురుచూసేవాళ్ళెవరూ ఉండేవారు కాదు, నాలుగు పాత ఫొటోలు తప్ప. రెండో నెల నుంచి జనం ఆ మోత వినపడకుండా ఆపేసుకోవడం మొదలుపెట్టారు. మేనేజర్ శాల్మలి మాత్రం మాటలో పదును తగ్గిందనే అంది. ఇవాళ్టిది కూడా తుస్సుమంటే సోమవారం నుంచి రానక్కర్లేదని కూడా అంది, నవ్వుతూనే.

ముప్పై వాక్యాలు రాశాడు, ముప్పయ్యీ కొట్టేశాడు. చివరికి ఉండబట్టలేక బండెక్కి, బీబీనగర్ దాటాక ఉన్న పేరమ్మ ఆశ్రమానికి పోయాడు.

పేరమ్మ అచల గురువు, విగ్రహాలూ పూజలూ లేని తత్వం ఆమెది. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి. ఆశ్రమమంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు, రెండు రేకుల షెడ్లూ ఒక బోరింగూ అంతే. రెండేళ్ళుగా కిరీటి ఆమె శిష్యుడు. ఇంతవరకూ ఆమె అతనికి ఉపదేశించింది బోరింగు కొట్టడం ఒక్కటే. ప్రతి గురువారం అక్కడ వచ్చినవాళ్ళకి వచ్చినట్టు బంతి వేసి అన్నం పెడతారు.

కిరీటి వెళ్ళేసరికి ఆమె మోదుగాకులతో అన్నం వడ్డించే ఇస్తార్లు కుడుతోంది. అతను కూర్చోలేదు. నిలబడే తన గోడంతా వెళ్ళబోసుకున్నాడు, మధ్యలో మూడుసార్లు ఫోను చూసుకున్నాడు.

"ఏ మాట పెట్టి పిలిస్తే మనుషులు ఆగకుండ వస్తరమ్మా? అదొక్కటి చెప్పు."

పేరమ్మ పుల్ల విరిచి ఆకులో గుచ్చింది. "ఇయ్యాల బంతికి నువ్వే పిలువు బిడ్డా," అంది.

ప్రతివారం ఆ పని వంటాయనది. గేటు దగ్గరికొచ్చి "ఇస్తార్లు వేసినం, రాండ్రి" అని ఒక్కసారి అనేసి లోపలికి పోతాడు. ఆ పిలుపంటే కిరీటికి మొదటి నుంచీ చిన్నచూపే. ఇదీ ఒక పిలుపేనా, ఎవడొస్తాడు అనుకునేవాడు. ఇప్పుడు తన వంతు వచ్చింది. పొయ్యి వైపు కూడా చూడకుండా నేరుగా రోడ్డు మీదికి పోయాడు.

గేటు ఎదుటి బస్టాపులోనూ దారి మీదా ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినీ చూసి, మనిషికి తగ్గ మాట అల్లి పిలిచాడు. కూరగాయల గంపలతో ఉన్న ఆడవాళ్ళకి ఒకటి, కాలేజీ పిల్లలకి ఒకటి. నీడలో కత్తులకి సానపడుతున్న ఒక ముసలాయన దగ్గరికొచ్చేసరికి తన పాత వాక్యమే నోటికొచ్చింది.

"పెద్దాయనా, లోపల మీ కోసం ఒకరు ఎదురుచూస్తున్నరు."

ముసలాయన సానచక్రం ఆపాడు. బోరింగు దగ్గర మొహం కడుక్కున్నాడు. అంగీ గుండీలు పెట్టుకుని, తలకి రుమాలు విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. అది చూసి కిరీటి మురిసిపోయాడు.

పావుగంటలో అరవై మంది బంతిలో కూర్చున్నారు. గొప్పగా చెప్పుకుందామని వంట దగ్గరికి పరుగెత్తాడు. అన్నం ఇంకా కుతకుత ఉడుకుతోంది. గంజి వంచి, పులుసు దించేసరికి ముప్పావుగంట పడుతుందన్నాడు వంటాయన. కుట్టిన ఇస్తార్లు పాతిక కూడా లేవు. పేరమ్మ బంతి వైపు ఒకసారి చూసింది. ఇంకా వేగంగా కుట్టసాగింది. కిరీటి పక్కన కూర్చుని తానూ కుట్టబోతే ఆకు నిలువునా చిరిగింది.

బంతిలో కూర్చున్న మనిషి ముందు ఆకు పడకుండా లేచిపోవడం ఎంత చిన్నతనమో మన దగ్గర చెప్పనక్కర్లేదు. అందుకే మొదట ఎవరూ లేవలేదు. ఖాళీ నేల చూస్తూ కూర్చున్నారు. తర్వాత గంపలవాళ్ళు లేచారు. కాలేజీ పిల్లలు బస్సొచ్చిందని పోయారు. ఆ తర్వాత లేచినవాళ్ళు సాకు కూడా చెప్పలేదు.

ముసలాయన మాత్రం వచ్చేపోయే ప్రతి మొహమూ చూస్తూ ఉన్నాడు. చివరికి లేచి కిరీటి దగ్గరికొచ్చాడు.

"నన్ను పిలిచింది ఎవరు బిడ్డా?"

కిరీటి చిరిగిన ఆకునే మళ్ళీ కుట్టబోయాడు.

"ఊరికెనే అన్నవా," అన్నాడు ముసలాయన. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేదనిపించింది కిరీటికి. ముసలాయన గేటు దాటి తన చక్రం దగ్గరికి పోయాడు.

వడ్డనకి అంతా సిద్ధమయ్యేసరికి బంతిలో పదకొండు మంది మిగిలారు. కిరీటి బస్టాపుకి పరుగెత్తాడు. అన్నం అయిందన్నాడు, వేడివేడి బెండకాయ పులుసు ఉందన్నాడు, తప్పు తనదేనన్నాడు. చివరికి బతిమాలాడు. ముసలాయన చక్రం తిప్పుతూ, తల ఎత్తకుండా, ఆకలి లేదన్నాడు. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. జేబులో ఫోను మోగుతూనే ఉంది.

తిరిగొచ్చి పేరమ్మ ముందు కూలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏం చెప్పినా వస్తలేడమ్మా. నా మాటకి కడిగిన మొహంతోని పస్తు కూసున్నడు."

పేరమ్మ ఒక ఇస్తారి తెచ్చి అతని చేతిలో పెట్టింది. అన్నం గిన్నె, పులుసు గిన్నె, చెంబుతో నీళ్ళు పళ్ళెంలో సర్ది అందించింది. ఏమని పిలవాలో కూడా చెబుతుందేమోనని అతను ఆగాడు. ఆమె అప్పటికే బంతిలోకి గరిటె పట్టుకుని వెళ్ళిపోయింది.

బస్టాపులో ముసలాయన పక్కనున్న బండ మీద కిరీటి ఇస్తారి పరిచాడు. నీళ్ళు చల్లాడు. అన్నం పెట్టి, పులుసు పోసి, చెంబు పక్కన ఉంచాడు. కాస్త దూరం జరిగి నేల మీద కూర్చున్నాడు. సానచక్రం ఇంకో నాలుగు చుట్లు తిరిగింది. తర్వాత ఆగింది.

అతను ఖాళీ గిన్నెలతో వచ్చేసరికి పేరమ్మ బోరింగు దగ్గర డేగిసాలు తోముతోంది.

"తిన్నడా?"

"తిన్నడమ్మా."

"ఏమని పిలిచినవ్?"

"పిలువలే అమ్మా. వడ్డించిన."

పేరమ్మ గిన్నెలు అందుకుని తోమడంలో పడింది.

ఫోను మళ్ళీ మోగింది. మూడింటికి ఐదు నిమిషాలుంది. వాక్యమేదని అడిగింది శాల్మలి, మూడు లక్షల ఫోన్లు ఆగి ఉన్నాయంది.

"పంపుతా మేడం," అన్నాడు కిరీటి. "ముందు ఇది చెప్పండి. లోపల నిజంగా ఎదురుచూస్తున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారు?"

ఫోను చెవికి ఆనించుకునే, పేరమ్మ పక్కన కూర్చుని ఒక డేగిసా అందుకున్నాడు.