గండుపిల్లి ఊరికే చెప్పిన పాఠం

రండర్రా, ఇలా ముందుకు జరగండి. గోడకి ఆనుకున్నవాళ్లు కూడా వచ్చి కూర్చోండి. ఇవాళ్టి కథ కొంచెం గట్టిది, సగంలో లేచి వెళ్లకూడదు.

ఒక కళ్లం దగ్గర కోళ్లు, మేకలు, ఒక ముసలి ఎద్దు కలిసి ఉండేవి. నూర్పులు అయ్యాక రాలిన గింజలన్నీ పోగు చేసి, ఏ పనికి ఎంత ఇవ్వాలో అందరూ కూర్చుని తేల్చుకునేవాళ్లు. అందులో పెద్ద వాటా గండుపిల్లిది. తల్లికోళ్లు మేతకి పోతే గంప కింద పిల్లలకి కాపలా అదే. పిల్లికి గింజలెందుకు అంటారా? ఎలకలకి ఎర.

ఆ ఏడు గిన్నెకోడి లేచింది. "పెద్దయ్యా, నాకు రెండు చేటల గింజలు ఇప్పించండి. మేతకి తిరక్కుండా ఏడాది పొడుగునా పిల్లలకి బడి పెడతాను. ఎవరైనా ముట్టుకోకూడని తీరున ముట్టుకుంటే వద్దనడం, పారిపోవడం, నమ్మేవాళ్లు దొరికేదాకా చెబుతూనే ఉండడం, ఇవి నేర్పుతాను."

ఎద్దు నెమరు ఆపింది. "ఇవి కూడా బడిలో చెప్పే మాటలేనమ్మా? మన కళ్లంలో అలాంటివాళ్లెవరున్నారు?"

నల్లపెట్ట తల దించుకుంది. దాని పిల్ల పూల ఇప్పటికే రెండుసార్లు వచ్చి చెప్పింది, పిల్లిమామ దగ్గర తనని వదలొద్దని, వద్దంటున్నా ముట్టుకుంటున్నాడని. రెండుసార్లూ "ష్, పరువు పోతుంది" అని నోరు మూయించింది తల్లి. తెల్లారితే మళ్లీ మేత. పూల మళ్లీ ఆ గంప కిందకే.

గండుపిల్లి మీసం దువ్వుకుంది. "రెండు చేటలు దండగెందుకు? నేనెలాగూ పిల్లలతోనే ఉంటాను. ఆ పాఠమేదో ఊరికే చెప్తాను."

ఊరికే అన్న మాట వినగానే ఎద్దు మొహం విప్పారింది. మేకలు తలలూపాయి.

గిన్నెకోడి మాత్రం కదల్లేదు. "సరే మామా. ఇక్కడే, మా ముందే ఒక్క పాఠం చెప్పు. మేమూ వింటాం."

"దానికేం భాగ్యం," అని పిల్లి పిల్లల్ని వరసగా కూర్చోబెట్టింది. దాని నోటికి వచ్చిన పాఠం ఒక్కటే. గొంతు తగ్గించి అదే అందుకుంది. "బంగారుకొండల్లారా, పెద్దవాళ్లు ఏం చేసినా ముద్దు కొద్దీనే. అమ్మకి చెప్పారనుకో, కోపమొచ్చి మిమ్మల్నే వదిలేస్తుంది. మంచిపిల్లలు కడుపులోనే దాచుకుంటారు."

ఎద్దు చెవులు నిక్కించింది.

పూల లేచి నిలబడింది. "గంప కింద నాకు చెప్పేదీ ఇదే. అమ్మా, ఇది మూడోసారి చెప్పడం. నువ్వు వినకపోతే ఎద్దు తాతకి చెప్తా. తాత వినకపోతే పక్క కళ్లానికి పోయి చెప్తా."

"గుప్పెడు లేదు, దీని మాట నమ్మేదెవరు?" అంది పిల్లి.

"నేను," అంది నల్లపెట్ట. రెక్కలు విప్పి పిల్లకీ పిల్లికీ మధ్య నిలబడింది. "మొదటిరోజే నమ్మాల్సింది. తప్పు నీది కాదు తల్లీ, నాది."

"నన్ను పంపేస్తే కాపలా ఎవరు? పాములొస్తాయి, చూసుకోండి."

"పామైతే పాములాగే వస్తుంది మామా, కాపలా పేరు చెప్పుకుని రాదు," అంది గిన్నెకోడి.

ఎద్దు కొమ్ములు దించి, పిల్లిని కళ్లం గట్టు దాటించింది. దాని సంగతి చుట్టుపక్కల కళ్లాలన్నిటికీ కబురు పెట్టింది. తర్వాత కాపలా వాటా మొత్తాన్ని గిన్నెకోడి ముందుకి తోసింది. "ఊరికే వస్తుందని ఆశపడ్డది నేను. రేపటి బడిలో నన్నూ కూర్చోబెట్టు. మాకు వినడం నేర్పాలి."

"వెనక కూర్చో తాతా," అంది పూల. "నువ్వు ముందుంటే మాకేం కనపడదు."

పిల్లలకి నోరిచ్చే చదువుకి గింజ విదల్చని చోట, వాళ్ల నోరు మూసేవాడే పంతులవుతాడు.

ఇక లేవండి, ఇళ్లకి పోయి వేడివేడిగా అన్నాలు తినండి. నాతో చెప్పుకోవాల్సింది ఎవరికైనా ఉంటే ఉండిపోండి, నాకు ఆకలి లేదు.