పాత తాళ్ళు చెప్పిన సంగతి

అనగనగా సముద్రానికి కూతవేటు దూరంలో, ఇసక దిబ్బ మీద, దిబ్బవాడ అని ఒక ఊరు. ఇది రాజుల కాలం నాటి కథ అని కొందరంటారు. ఏ రాజని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. కాబట్టి మన కథలో రాజు లేడు, అమ్మలూ. ఊరుంది. ఊరికి ఒక నుయ్యి ఉంది. ఆ నూతికి తాడు పేనే సన్యాసమ్మ ఉంది.

సముద్రం పక్కన మంచినీళ్ళెక్కడివని అడుగుతావు. అడగాల్సిందే. వాన పడితే ఆ నీరు దిబ్బ ఇసకలోకి ఇంకేది. ఉప్పునీరు బరువు, వాననీరు తేలిక. అందుకని ఉప్పునీరు అడుగున, తియ్యనీరు దాని పైన, పాల మీద మీగడలా నిలిచేది. ఆ మీగడ ఎంత మందమో ఊళ్ళో ఎవరూ కొలిచి చూడలేదు. చేద వేస్తే నీళ్ళు వచ్చేవి. అంతవరకే వాళ్ళకి కావాలి.

సన్యాసమ్మ కొబ్బరి పీచు నానబెట్టి, రోకలితో కొట్టి, ఆరబెట్టి, పేనేది. ఏటా వేసవి మొదట్లో ఊరి నూతికి కొత్త తాడు ఇచ్చేది. అప్పుడు పాత తాడు ఆమెకే తిరిగి వచ్చేది. అది ఆ ఊరి ఆనవాయితీ. ఊరికి నీళ్ళు మోసిన తాడుతో గొడ్డును కట్టకూడదు, దాన్ని పొయ్యిలో పెట్టకూడదు. పేనిన చేతికే ఇచ్చెయ్యాలి.

అలా ఆమె అత్తగారి కాలం నుంచీ వచ్చిన తాళ్ళన్నీ ఇంటి వాసాలకి వేలాడుతూ ఉండేవి. వాటిని ఎవరూ చూసేవారు కాదు. ఆమె కూడా చూసేది కాదు.

ఒక ఏడు ఇంటి కప్పు మార్చాల్సి వచ్చింది. అప్పుడు ఆమె తాళ్ళన్నీ దించింది. దుమ్ము దులిపి, పెరట్లో పొడుగాటి వెదురు దండెం కట్టి, పాతదాని నుంచి కొత్తదాని దాకా వరసగా వేలాడదీసింది. ఆ తర్వాత నాలుగడుగులు వెనక్కి వేసి చూసింది. చూసి, చేతిలో చీపురు కింద పెట్టేసింది.

అత్తగారి తాళ్ళూ, ఆమె మొదట్లో పేనినవీ కలిపి ఇరవై. ఇరవయ్యీ ఒకే పొడుగు, మూడేసి బారలు. బార అంటే రెండు చేతులూ బారజాపినంత. బారకి నాలుగు మూరలు. ఆ తర్వాత తాడు ఒక మూర పెరిగింది. మరుసటేడు ఇంకో మూర. ఆ పైయేడు ఇంకోటి. ఈ ఏడు నూతి నుంచి తిరిగొచ్చిన తాడు సరిగ్గా నాలుగు బారలు. కొసలన్నీ మెట్లలా కిందికి దిగుతున్నాయి.

పొడుగు పెరిగినవన్నీ ఆమె పేనినవే. ఏటా ఎవరో వచ్చి, "తాడు అందట్లేదు, ఒక మూర ఎక్కువ పెట్టు" అనేవారు. ఆమె పెట్టేది. ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

ఎందుకో చెబుతాను విను. దిబ్బకి ఒక పక్క ఇసకంతా చదును చేసి మిరప తోటలు వేశారు. ఇసకని పట్టి ఉంచే బాలబంద తీగలు పీకేశారు, మొగలి పొదలు కొట్టేశారు. తోటలకి ఏతాలు కట్టి పొద్దుణ్ణించి పొద్దుపోయేదాకా నీళ్ళు తోడారు. నీరు దిగింది. నీరు దిగినప్పుడల్లా నూతి అడుగున మట్టి తీసి ఇంకో ఒర దింపారు. ఒర అంటే కాల్చిన మట్టితో చేసిన గుండ్రటి చుట్టు. ఒక్కో ఒర ఒక్కో మూర.

దండెం చివర ఇంకొక్క తాడు మిగిలింది. అది దిబ్బవాడది కాదు. సన్యాసమ్మ పుట్టిల్లు కిందిపేట. కిందిపేట ఇప్పుడు లేదు. ఊరు విడిచి వెళ్ళిపోతున్న రోజున ఆమె అన్న వచ్చి, తమ నూతి ఆఖరి తాడు ఆమె చేతిలో పెట్టి, "దీన్ని ఇచ్చెయ్యడానికి అక్కడ ఎవరూ మిగల్లేదమ్మా" అన్నాడు. ఆ తర్వాత బండెక్కి పడమటికి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

సన్యాసమ్మ ఆ తాడు కొలిచింది. అయిదు బారలు.

అప్పుడు ఆమె ఊరిపెద్ద గవరయ్య ఇంటికి వెళ్ళింది. గవరయ్య చెడ్డవాడు కాదు. ఆరు ఏతాలున్నవాడు, అంతే.

"కిందిపేట నుయ్యి అయిదు బారల దగ్గర ఉప్పైపోయింది. మనది నాలుగు బారలకి దిగింది. ఏడాదికి మూర చొప్పున ఇంకా నాలుగేళ్ళు" అంది సన్యాసమ్మ.

"వయసొచ్చింది కదా వదినా, నీ చేతులు కుంచించుకుపోయుంటాయి" అన్నాడు గవరయ్య. "నీ బార పొట్టిదైతే తాడు పొడుగ్గానే కనిపిస్తుంది."

అరుగు మీద ఉన్నవాళ్ళు నవ్వారు. సన్యాసమ్మ నవ్వలేదు. అది సబబైన అనుమానమే అనుకుంది. ఇంటికి వెళ్ళి, అత్తగారి తాడొకటీ ఈ ఏటి తాడొకటీ తెచ్చి, ఆ అరుగు మీదే పక్కపక్కన పరిచింది. కొత్త తాడు అరుగు దిగి వాకిట్లోకి వెళ్ళింది.

"ఇప్పుడు నా చేతులు లేవు. తాళ్ళే ఉన్నాయి" అంది.

ఆ తర్వాత ఏం జరగబోతుందో చెప్పింది. మొదట నీళ్ళకి ఉప్పు తగిలి పప్పు ఉడకదు. ఆ తర్వాత నూతి దగ్గర వంతులొస్తాయి. ఆ తర్వాత మనుషులు వెళ్ళిపోతారు.

"ఇదేం సోది?" అన్నాడొకడు.

"సోది కాదు నాయనా. కిందిపేటలో ఇదే వరసలో జరిగింది. నేను అక్కడ పుట్టాను."

అందరూ విన్నారు. ఆ వేసవిలో ఇంకో ఒర దింపారు.

ఆ పైయేడు ఇంకోటి. మూడో ఏడు ఇంకోటి. సన్యాసమ్మ ఏటా చెప్పేది, ఏటా తాడు ఒక మూర పెంచి ఇచ్చేది. ఇవ్వకపోతే పిల్లలు దాహంతో ఉంటారని ఆమె భయం. ఆ భయం నిజమే. ఇచ్చింది మాత్రం పొరపాటే. రెండూ ఒకే మనిషిలో ఉంటాయి, అమ్మలూ.

మూడో ఏడు గవరయ్య కూతురు చినతల్లికి పెళ్ళయింది. పెళ్ళికొడుకుది కొత్త వీధి. కిందిపేట నుంచి వచ్చినవాళ్ళు కొందరు దిబ్బవాడ చివర ఇళ్ళు కట్టుకున్నారు, దాన్నే కొత్త వీధి అనేవారు. విందుకి పెద్ద గుండిగలో కందిపప్పు పెట్టారు. పొద్దున్న పెట్టిన పప్పు మధ్యాహ్నానికీ గింజ గింజలాగే ఉంది. మొదట వంటవాణ్ణి తిట్టారు. ఆ తర్వాత కట్టెలు పచ్చివన్నారు. ఆ తర్వాత కోమటి పాత పప్పు అంటగట్టాడన్నారు. నీళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు. పెళ్ళివారు పులుసుతో తిని లేచారు.

సన్యాసమ్మ విస్తరి దగ్గర పప్పు గింజ ఒకటి వేళ్ళతో నలిపి చూసింది. నలగలేదు. నాలుగేళ్ళన్నాను, మూడేళ్ళకే వచ్చింది, ఏతాలు పెరుగుతాయని లెక్కలో వేసుకోలేదు అనుకుంది. తన మాట నిజమైనందుకు ఆమెకి సంతోషం కలగలేదు.

ఆ తర్వాత రెండో మాట. నీళ్ళు తక్కువయ్యాయి కదా, నూతి చుట్టూ మొగలి ముళ్ళ కంచె వేశారు. పాత ఊరివాళ్ళకి పొద్దుటి పూట, నీళ్ళు తేటగా ఉన్నప్పుడు. కొత్త వీధివాళ్ళకి మధ్యాహ్నం, అడుగు బురద తేలాక. ఆ పద్ధతి పెట్టింది గవరయ్యే.

అప్పుడు ఊరికి భయం పట్టుకుంది. సన్యాసమ్మ చెప్పినవి రెండూ జరిగాయి. ఈమెకి అమ్మవారు పూనుతోందన్నారు. పసుపు, కుంకుమ, చీర తెచ్చి ఆమె గుమ్మంలో పెట్టారు. అంతటితో ఆగితే బాగుండేది. నూతి తాడుకి పసుపు రాసి, బంతిపూల దండ వేసి, దీపం పెట్టి మొక్కారు. మొక్కడం అయ్యాక వెళ్ళి, మళ్ళీ ఏతాలతో తోటలకి నీళ్ళు తోడుకున్నారు.

"మూడోది జరక్కుండా ఏం మొక్కుకోవాలో చెప్పు తల్లీ" అని అడిగారు.

"నన్ను తల్లీ అనకండి. నిన్నటిదాకా ముసిల్దన్నారు, అదే బాగుంది" అంది సన్యాసమ్మ. "మొక్కు లేదు. ఏతాలు విప్పండి. దింపిన ఒరలు ఇసకతో పూడ్చండి. దిబ్బ మీద తీగలు నాటండి."

అది మొక్కు కన్నా కష్టం. కాబట్టి అందరూ లేచి ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఆ నెలలోనే కొత్త వీధిలో మొదటి ఇల్లు ఖాళీ అయింది. ఆ తర్వాత ఇంకొకటి. సన్యాసమ్మ ఆ బళ్ళు పడమటికి పోవడం చూసింది. ఒక ఊరు అలా పోవడం ఆమె అప్పటికే ఒకసారి చూసింది.

అప్పుడు ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. మరుసటి వేసవి రాగానే తాడు పేనింది. దగ్గరగా, బిగువుగా, అత్తగారు పేనినట్టే పేనింది. తెచ్చి గవరయ్య చేతికిచ్చింది. గవరయ్య దాన్ని గిలక మీద వేసి చేద దించాడు. చేద నీళ్ళకి చాలా పైన గాలిలో వేలాడింది.

"అందట్లేదు వదినా."

"మూడు బారలు. మా అత్తగారి కొలత. ఇంక నేను పేనేది ఇంతే."

"సంతలో వేరే తాడు కొనలేమా?"

"కొనండి. అది కిందిపేట తాడంత అయ్యాక నాకు చూపించండి. పక్కన పెట్టి చూద్దాం."

గవరయ్యకి కోపం వచ్చింది. ఏదో అనబోయాడు. అప్పుడే కంచె అవతల నిలబడి ఉన్న చినతల్లి కనిపించింది. ఏడో నెల. చంకలో ఖాళీ బిందె.

"ఎండలో అక్కడెందుకే, ఇటు రా. ముందు నువ్వు తోడుకో" అన్నాడు.

"మా వంతు మధ్యాహ్నం కదా నాన్నా" అంది చినతల్లి. "ఎల్లుండి మేమూ బండి కడుతున్నాం. మా అత్తగారు చెప్పమన్నారు."

గవరయ్య గాలిలో వేలాడుతున్న చేదని చూశాడు. కూతురి బిందెని చూశాడు. ఆ తర్వాత చేద పైకి లాగి, తాడు చుట్ట చుట్టి, చేతులు గీరుకుపోతున్నా మొగలి కంచె తనే పీకి పారేశాడు. ఆ సాయంత్రం తన ఆరు ఏతాలూ విప్పించాడు. ఆయన విప్పాక మిగతావాళ్ళు విప్పక తప్పలేదు. కొందరు తిట్టుకుంటూనే విప్పారు.

ఆ తర్వాత ఇంటికి మూడేసి గంపల చొప్పున ఇసక మోసి, దింపిన ఏడు ఒరలూ పూడ్చారు. మిరప తోటలు పోయాయి. ఆ చోట బాలబంద తీగ నాటారు.

నీళ్ళు వెంటనే వచ్చాయని చెప్పేవాళ్ళ మాట నమ్మకు. రాలేదు. ఆ రోజుల్లో ఊరంతా దిబ్బ పల్లంలో చేతులతో చిన్న చిన్న చలమలు తవ్వుకుని, కొబ్బరి చిప్పతో నీళ్ళు ఎత్తుకుంది. ఒక బిందె నిండాలంటే అరపూట పట్టేది. ఆ అరపూట పాత ఊరివాళ్ళూ కొత్త వీధివాళ్ళూ పక్కపక్కనే కూర్చోవాల్సి వచ్చేది. మొదటి వానాకాలం వెళ్ళింది, చేద అందలేదు. రెండోది వెళ్ళింది, అందలేదు. మొత్తం పదకొండు ఇళ్ళు ఖాళీ అయ్యాయి. చినతల్లి ఇల్లు వాటిలో లేదు.

మూడో వానాకాలం వెళ్ళాక ఒక పొద్దున్న చినతల్లి, పక్కన రెండేళ్ళ కూతుర్ని నిలబెట్టుకుని, మూడు బారల తాడుకి చేద కట్టి దించింది. తాడు అయిపోతుందనగా అడుగున బుడుంగుమని చప్పుడైంది. ఆ పిల్ల పుట్టాక ఆ చప్పుడు వినడం అదే మొదటిసారి. ఏమిటది అని తల్లి ముఖంలోకి చూసింది.

ఆ పూట ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ పప్పే వండారు.

వెళ్ళిన పదకొండు ఇళ్ళలో ఏడు తిరిగి వచ్చాయి. నాలుగు రాలేదు. కాబట్టి సన్యాసమ్మ చెప్పిన మూడో మాట అబద్ధం కాలేదు, పూర్తిగా నిజమూ కాలేదు.

ఆ తర్వాత ఆమె తన అన్న ఇచ్చిన తాడు తెచ్చి నూతి పక్క స్తంభానికి వేలాడదీసింది. పక్కనే ఊరి తాడు. నీళ్ళు తోడేవాళ్ళు రెండూ చూడాలి. ఆ రెంటికీ తేడా రెండు బారలు. ఆ రెండు బారల్లోనే ఒక ఊరు పోయింది.

ఏమిటి, నిద్ర రాలేదా? మనకి నుయ్యి లేదు, బోరుంది కదా అంటావా? బోరుకీ లోతుంటుంది, అమ్మలూ. మొదట ఎన్ని అడుగులు వేశారో, ఇప్పుడెన్ని అడుగులకి దిగిందో, రేపు పొద్దున్న మీ తాతయ్యని అడుగు. గుర్తులేదంటాడు. మళ్ళీ అడుగు. ఇద్దరం కలిసి గోడ మీద రాసి పెడదాం. ఇప్పుడు కళ్ళు మూసుకో.

చేద నూతికి, నీళ్ళు బిందెకి,
పప్పు పొయ్యికి, పాప పక్కకి,
కథేమో కంచికి, మనమిక నిద్రకి.