ఆరు వేళ్ళ లోతు

అన్యాయం జరిగింది పెంచలమ్మకి. 2016 శ్రావణ మాసంలో, ఒక గురువారం పొద్దున. చేసినవాడు పగవాడు కాదు, ఆమె గురువే. ఆ రోజున దాన్ని అన్యాయమని ఎవరూ అనలేదు. పెంచలమ్మ అసలు అనలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకుని ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టింది.

గురువు పేరు చెంగల్రాయుడు. వెంకటగిరిలో జాందానీ నేతగాడు. సన్నటి నూలు మీద, పడుగు పోగుల మధ్యకి వేళ్ళతోనే చిన్న చిన్న కండెలు దూర్చి హంసలనీ మామిడి పిందెలనీ పుట్టించే పని అది. యాభై ఏళ్ళు ఆ పని చేశాక ఆయన మోకాళ్ళు మొరాయించాయి. గుంట మగ్గంలోకి కాళ్ళు దించి తొక్కుడు చెక్కలు తొక్కడం ఇక తన వల్ల కాదని, ఆ గురువారం తన మగ్గాన్ని పెంచలమ్మకి అప్పజెప్పాడు.

పెంచలమ్మ ఆయనకి చుట్టం కాదు. పద్దెనిమిదేళ్ళు ఆ ఇంట్లో కండెలు చుట్టి, చుడుతూ చూసి, చూస్తూ నేర్చుకున్న మనిషి. ఆయన తమ్ముడి కొడుకు మస్తానయ్య ఆ మగ్గం ఎప్పటికైనా తనదేననుకుని ఉన్నాడు. వీధిలో మగాళ్ళూ అలాగే అనుకున్నారు.

"ఆడదానికి గుంటేంది? ఆర్నెల్లు చూడండి," అన్నారు.

అది చెవిన పడ్డాక పెంచలమ్మ ఒట్టు పెట్టుకుంది. గురువు ఎట్లా కూర్చున్నాడో అట్లాగే కూర్చుంటాను. ఆయన పీట, ఆయన తాడు, ఆయన గుంట. వేటినీ కదపను.

ఆర్నెల్లు కాదు, రెండున్నరేళ్ళు కూర్చుంది. ఆమె నేసిన చీరలు పట్టుకుని చూసి గురువు ఏమీ అనేవాడు కాదు. ఆయన ఏమీ అనకపోవడమంటే తప్పు దొరకలేదని.

మొదట నడుము పట్టేసింది. తర్వాత భుజాల మధ్య గునపం దిగినట్టు నొప్పి. ఆ పైన మెడ. 2019 జనవరికి ఎడమచేతి చిటికెన వేలు తిమ్మిరెక్కడం మొదలైంది. పోగుని వేలితో తడిమి పట్టుకునే మనిషికి వేలు తిమ్మిరెక్కితే ఇక చేతిలో పని ఉన్నట్టా, లేనట్టా? మస్తానయ్య రోజూ ఆమె మగ్గం పక్కగా నడిచి వెళ్తూ ఒక క్షణం నిలబడడం మొదలుపెట్టాడు. నోటితో ఏమీ అనడు. గుంటలోకి చూసి పోతాడు.

ఇద్దరి దగ్గర వైద్యం చేయించుకుంది. ఇద్దరూ రెండు రకాలుగా చెప్పారు. ఏది వినాలో తేలక, ఫిబ్రవరిలో ఒక పొద్దున గురువు దగ్గరికి వచ్చింది. ఆయన అరుగు మీద కూర్చుని వక్క నములుతున్నాడు.

"ఏం మే, మెడ తిప్పకుండా వస్తాండావు? కొత్త పెళ్ళికూతురివా?"

"నవ్వబాకండయ్యా. ఇద్దరు డాక్టర్ల మధ్యన చచ్చిపోతాండా. ఎవురి దగ్గరికి పొయ్యేదో మీరే చెప్పాల."

"నేను చెప్పేదేంది? నాకు వైద్యం తెలుసా?"

"మీరు గురువు గదా."

"గురువైతే మెడలు గూడా నెయ్యాలా?"

అని నవ్వి, పక్కన జరిగి చోటిచ్చాడు. "సరే, చెప్పు. ఒకాయన ఎవురు?"

"నెల్లూర్లో ఉండాడు. కైరోప్రాక్టర్ అంట, వెన్నుపూసలు సర్దుతాడు. పడుకోబెట్టి, తల రెండు చేతుల్తో పట్టుకోని ఒక్క తిప్పు తిప్పినాడు. టక్కుమనింది. లేచి కూర్చుంటే తల ఉందో లేదో చేత్తో చూసుకున్నా. అంత తేలిక."

"మంచిదే గదా."

"తొమ్మిది దినాలు. పదో దినం మళ్ళా మామూలే. మూడు తూర్లు పొయ్యొచ్చినా."

"ఏమడిగినాడు నిన్ను?"

"ఎక్కడ నొప్పి అన్నాడు."

"ఆ పైన?"

"మళ్ళీ ఎప్పుడొస్తావు అన్నాడు."

చెంగల్రాయుడు తలూపాడు. "ఇంకొకరు?"

"ఇక్కడే, మన ఊర్లోనే. ఫిజియోథెరపీ ఆమె. హిమబిందు అని, నిండా పాతికేళ్ళు ఉండవు. గోడకి ఆనుకోని నిలబడమంటాది, గెడ్డం వెనక్కి లాక్కోమంటాది, రబ్బరు పట్టీ లాగమంటాది. రెండు పూటలా పావుగంట. ఆరు వారాలు చేస్తేగానీ తెలీదంట. అరగంటకోసారి మగ్గం మీంచి లేవాలంట."

"లేస్తాండావా?"

"ఎట్టా లేస్తానయ్యా, హంసకి మెడ నేసి ముక్కు నెయ్యకుండా?"

"హంస మెడ బాగానే ఉంటాది. పోయింది నీది."

పెంచలమ్మకి నవ్వొచ్చింది. నవ్వితే మెడ కలుక్కుమంది. చెయ్యి అడ్డం పెట్టుకుని అంది:

"వేలు తిమ్మిరని చెప్తే ఆ పిల్ల ముఖం మార్చింది. ముందు పెద్ద డాక్టరుకి చూపించు, అందాకా ఎవురి చేతా మెడ తిప్పించుకోబాక అనింది. నెల్లూరాయనేమో పది తూర్లు వరసగా రా, తిమ్మిరి గూడా పోతాది అంటాడు. ఆయన చేసింది నాకు తెలస్తాంది. ఈమె చేసింది తెలవడంలా. ఎవురిని నమ్మాల?"

"ఆ పిల్ల ఏమడిగింది?"

"అడగందేముంది? ఎన్నిగంటలకి లేస్తావు, ఏ పక్కకి తిరిగి పండుకుంటావు, ఏ చంకన బిందె పెట్టుకుంటావు... నా పెళ్ళిచూపుల్లో గూడా ఇన్ని అడగలా. ఆఖరికి, నువ్వు కూర్చునే చోటు చూడాల, నేనే వస్తాననింది."

"వచ్చిందా?"

"నేను రానీలా."

"ఏం?"

పెంచలమ్మ కొంగు చివర మెలి తిప్పింది.

"అది మీ గుంట అయ్యా. ఎవురో పిల్ల వచ్చి, మీరు యాభై ఏళ్ళు కూర్చున్న చోటుకి వంకలు పెడతాంటే నేను నిలబడి వినాలా?"

చెంగల్రాయుడు వక్క నమలడం ఆపాడు.

మర్యాద పేరు చెప్పుకుని ఆడవాళ్ళు మోసే నొప్పి ఏ ఎక్స్‌రేలోనూ కనపడదు. ఆ సంగతి ఆయనకి అంతవరకూ తెలిసి ఉండదు. మగవాడు, పైగా గురువు. దణ్ణాలు పెట్టించుకునేవాళ్ళకి దణ్ణం పెట్టేవాళ్ళ నడుము కనపడదు.

కర్ర అందుకుని లేచాడు. "పద."

మగ్గాల సావిడిలో రెండు మగ్గాలు. ఒకటి పెంచలమ్మది, రెండోది మస్తానయ్యది. మస్తానయ్య నేస్తున్నవాడల్లా పెదనాన్నని చూసి, పేక పోగుని అటూ ఇటూ నడిపే నాడె ఆపాడు.

"కూర్చోని నెయ్యి," అన్నాడు చెంగల్రాయుడు.

పెంచలమ్మ గుంటలోకి కాళ్ళు దించింది. నాడె అటూ ఇటూ పరిగెత్తింది. ఎప్పుడొచ్చినా ఆయన కళ్ళజోడు పెట్టుకుని, వంగి, బట్ట మీద వేలు రాసి చూసేవాడు. ఈసారి కళ్ళజోడు పెట్టుకోలేదు. కర్ర కింద పెట్టాడు. మెల్లిగా కూర్చుని, ఆ తర్వాత ఒరిగి, డెబ్బై రెండేళ్ళ మనిషి ఆ మట్టినేల మీద బోర్లా పడుకున్నాడు.

"అయ్యో! అయ్యా, ఏమైంది? తల తిరిగిందా?"

"నాకేం కాలా. నువ్వు తొక్కు."

గుంట అంచు మీద గెడ్డం ఆనించి లోపలికి చూశాడు.

పెంచలమ్మ మడమలు గాల్లో ఉన్నాయి. చెక్క అందుకోవడానికి ఆమె పీట అంచుకి జారింది. జారినందుకు నడుము గూనిలా వంగింది. వంగినందుకు మెడ ముందుకి సాగింది. చెక్క మీద ఆనుతున్నవి రెండు బొటనవేళ్ళు మాత్రమే. రెండున్నరేళ్ళుగా ఆమె కూర్చోలేదు. ముని వేళ్ళ మీద నిలబడి ఉంది.



"బట్టే చూశాను మే," అన్నాడు గుంటలోకే. "వచ్చిన ప్రతిసారీ బట్టే చూశాను."

లేచి కూర్చోవడానికి ఆమె చెయ్యి అందించింది. మగ్గానికి వేలాడుతున్న మిగులు నూలులోంచి రెండు పోగులు తెంపాడు. ఒకటి తన మోకాలి నుంచి మడమ దాకా పట్టి కొరికాడు. రెండోది ఆమెకి పట్టి కొరికాడు. రెండూ పీట మీద పక్కపక్కన పరిచి, తన పోగు ఎక్కువున్న మేర వేళ్ళు ఆనించాడు. నాలుగు వేళ్ళు పట్టాయి. ఇంకో రెండు కూడా పట్టాయి.



"మస్తానా, పార తీసుకురా. పెరట్లోంచి రెండు తట్టలు మట్టి గూడా."

పెంచలమ్మకి అప్పుడు అర్థమైంది. గభాల్న ఆయన చెయ్యి పట్టుకుంది.

"వద్దయ్యా. మీ కాళ్ళు పట్టుకుంటా. ఆడదానికి గుంట పూడ్చి ఇయ్యాల్సి వచ్చిందంటారు. రేపు సాయంత్రానికి వీధంతా అదే మాట. నొప్పంటే పడతా. ఆ మాట పడలేను."

"అదే గదా నేను చెప్పేది," అన్నాడు మస్తానయ్య. పార తేలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు. "తాత కూర్చున్న గుంట పెదనాయనా. పూజగది మాదిరి. ఆమెకి అందకపోతే ఆమె దిగిపోవాల గానీ గుంట పూడ్చేదేంది? అందే కాళ్ళు ఉండాయి ఈ ఇంట్లో."

"మీ తాత ఎంత పొడుగురా?"

"నేనేడ చూసినా? ఫొటోలో కూర్చోని ఉంటాడు."

"నా భుజం కాడికి వచ్చేవాడు. దిగు. దిగి, ఆ గోడ అడుగున పారతో గోకు."

మస్తానయ్య అయిష్టంగా పార తెచ్చి దిగాడు. గుంట గోడ మీద పేరుకున్న దుమ్మూ నూలు పీచూ రాలాయి. పైనంతా సున్నం పూసి నున్నగా ఉంది. అడుగు నుంచి జానెడు ఎత్తు వరకూ మాత్రం సున్నం లేదు. పచ్చి మట్టి. దాని మీద గునపం గాట్లు.

"ఆ సున్నం ఆగిపొయ్యిన కాడ మీ తాత కాళ్ళు ఆనేవి," అన్నాడు చెంగల్రాయుడు. "ఆ కిందది నేను తవ్వుకుండేది. మా నాయన పొయ్యిన మూడో నెల్లో. మోకాళ్ళు పైకొచ్చి గెడ్డానికి తగలతాంటే తవ్వుకున్నా."

పెంచలమ్మ ఆ గాట్ల వైపు చూసింది.

"అప్పుడు మిమ్మల్నెవురూ ఏమీ అనలేదా అయ్యా?"

"అన్నారు. పనిమంతుడు, గుంటని తనకి సరిపెట్టుకున్నాడు అన్నారు."

మస్తానయ్య గుంటలోంచి పైకి వచ్చాడు. కాసేపు పార కర్ర మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. తర్వాత తట్ట తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు.

మధ్యాహ్నం దాకా పని సాగింది. మస్తానయ్య మట్టి పోసి, నీళ్ళు చల్లి, తొక్కాడు. పెంచలమ్మ మట్టి గట్టిపరచే దిమ్మెసతో కొట్టబోతే మెడ గుర్తు చేసి గురువు కసిరాడు. తొక్కుడు చెక్కల తాళ్ళు విప్పి, కుదించి, ముడులు ఆయనే వేశాడు. ముడి ఒక్కటీ తప్పలేదు.

"ఇప్పుడు కూర్చో."

ఆమె కూర్చుంది. కాళ్ళు దించింది. మడమలు ఆనాయి. అవి ఆనడం ఎంత కొత్తగా ఉందంటే, ఆమె నాడె పట్టుకోవడం మర్చిపోయి కాళ్ళ వైపే చూసుకుంది.

నొప్పి పోలేదు. ఇన్నేళ్ళ నొప్పి ఒక మధ్యాహ్నంలో పోదు. వేలు ఇంకా తిమ్మిరిగానే ఉంది.

"అయితే ఇంక డాక్టర్లు వద్దంటారా?" అంది.

"ఎవురన్నారు వద్దని? రేపే పెద్ద డాక్టరుకి వేలు చూపించు. ఆపైన ఆ హిమబిందుని రమ్మను. వచ్చి చూసి, ఇంకా ఏమేం తప్పులుండాయో చెప్పమను. అరగంటకోసారి లేవమంటే లెయ్యి."

"ఆయన చేతిలో హాయిగా ఉణ్ణింది అయ్యా. ఈమె దగ్గర కష్టం."

"ఉండొచ్చు. నేను అడగాల్సింది ఆమె అడిగింది."

పొయ్యి దగ్గర్నించి బొగ్గుముక్క తెప్పించి ఆమె చేతికిచ్చాడు. మగ్గం పక్కన గోడ చూపించాడు.

"రాయి. ఎవురి కొలతో, ఏ దినమో. నేను తవ్వుకున్ననాడు రాయలా. రాయకపొయ్యేసరికి మీరంతా దాన్ని దేవుడు తవ్వినాడనుకున్నారు."

పెంచలమ్మ రాసింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, దగ్గరికి వెళ్ళి, చదివాడు.

"ఇంత చిన్నగా రాస్తే నీ తర్వాత కూర్చునేవాళ్ళకి కనపడతాదా?"

ఆమె అరచేత్తో తుడిచేసింది. ఈసారి చెయ్యి చాచి, సావిడి గుమ్మంలో నిలబడ్డవాళ్ళకి కూడా కనపడేలా రాసింది.

పెంచలమ్మ కొలత. 11 ఫిబ్రవరి 2019, సోమవారం.